వందన సమర్పణ

మైకు నా చేతికొచ్చేసరికి
సగం కుర్చీలు ఖాళీ అయినయి.
దేవరకొండ లైబ్రరీ హాలు బయట
దిండి బస్సు హారన్ కొడుతున్నది.
దశరథన్న చెవిల చెప్పిండు:
"చెల్లె, రెండే నిమిషాలు."

మూడేండ్ల సంది ఇదే నా వంతు.
అధ్యక్షత అన్నది, ముఖ్య ప్రసంగం సారుది,
స్వాగతం పలికేటోడు సుత అన్నలల్ల ఒకడే.
వందన సమర్పణ మాత్రం
ఆడపిల్ల గొంతుల బాగుంటదంట.
సరే. చెప్తున్న, ఇనుండ్రి.

మొదటి వందనం బ్యానర్ రాసిన తమ్మునికి.
మహిళా దినోత్సవంల దీర్ఘం ఎగిరిపోయింది.
"జాగ సరిపోలేదక్కా" అన్నడు.
మాకూ అంతే తమ్మీ.

బస్టాండుల మూత్రశాల ముందు
చిల్లర డబ్బా పట్టుకొని కూసునే ఈరమ్మవ్వకు.
మొగోళ్లకు గోడ ఉచితం, మాకు ఐదు రూపాయలు.
ఉచితం జెయ్యాలని దరఖాస్తు రాసి
ఆమె వేలిముద్ర అడిగినం.
"జేస్తరు బిడ్డ, మరి నా జీతం ఎవరిస్తరు?"
కాగితం చింపి మళ్ల రాసినం.
ఇప్పుడు మొదటి డిమాండు ఈరమ్మవ్వ జీతం.

ఇగ ఈ వందనం కొంచెం పొడుగు,
గడియారం దిక్కు చూడకు అన్నా.

కేతావత్ సోనీకి.
పదిహేనేండ్లు. పందిరి గుంజలు పాతినంక
ఫోన్ జేసింది మేమే.
జీపొచ్చింది, పెండ్లి ఆగింది,
పేపర్ల మా మొకాలు పడ్డయి, ఆమెది మసకగ.
నాలుగు నెలలకు నేనూ తస్లీం తండాకు పోతే
ఎవరిదో చేన్ల కూలికి పత్తి ఏరుతున్నది.
మా దిక్కు చూడలే.
కాయ ముల్లు గీరిన వేలికి ఉమ్ము రాసుకుంట అడిగింది:
"పెండ్లి ఆపిండ్రు. బడి ఎవరు తెరుస్తరు?
హాస్టల్ల సీటు లేదంట.
అమ్మా నాయిన పుణె పోయిండ్రు, ఇటుకల పనికి.
రాత్రి ఇంట్ల నేనూ ముసల్దీ, తలుపుకు గొళ్లెం లేదు.
మీరు ఏ రాత్రి వస్తరు?"

ఆ ప్రశ్నకు నా సంచిల కరపత్రం లేదు.

తర్వాత పదకొండు రోజులు
ఆఫీసు మెట్ల మీద కూసున్నం, అంతే.
నినాదాలు లేవు, ఫొటో లేదు,
తస్లీం పరీక్ష ఒకటి పోయింది.
సీటొచ్చింది. ఒక మంచం మీద ఇద్దరు.
సోనీ ఇంకా మాతోని మంచిగ మాట్లాడదు.
మాట్లాడాలని రూలేం లేదు.

మా అమ్మకు.
నేను ట్యూషన్లు చెప్తున్నానని
వాడకట్టు మొత్తానికి అబద్ధమాడుతది.
అబద్ధమాడేటప్పుడు
ఆమె నడుం కొంచెం నిటారుగ ఉంటది, నేను చూసిన.

ఇగ మన సంఘం ఆఫీసు చాయ గ్లాసులకు.
తీర్మానం రాసేదాక అందరం సమానం,
చాయ తాగినంక గ్లాసులు
మా ముగ్గురి దిక్కే చూస్తయి.
పోయిన ఆదివారం మేం లేచిపోయినం.
ముప్పై ఒక్క గ్లాసు.
సోమవారం చీమలు పట్టినయి.
మంగళవారం దశరథన్న చొక్క చేతులు మడిచి
నన్నడిగిండు, "సబ్బు ఎక్కడుంటది?"
నవ్వకుండ్రి. కడిగిండు.
రెండు పలగ్గొట్టిండు గని కడిగిండు.
అందుకు నిజంగనే వందనం.
సబ్బు మాత్రం మూడేండ్ల సంది
అదే కిటికీల ఉన్నది అన్నా.

అగో, దిండి బస్సు పోయింది.
మంచిదే, ఇగ తొందర లేదు.
కుర్చీలు మడవకుండ్రి.
వెనక, తిరగని ఫ్యాన్ కింద కూసున్న చెల్లె,
నీ పేరు నాకు తెల్వదు.
ఇందాకటి సంది రెండుసార్లు నోరు తెరిచి మూసినవ్.
రా.
మైకు ఇంకా వెచ్చగనే ఉన్నది.